మూడు ల్యాపులు తక్కువ

మదనపల్లె బజారులో నీళ్లను నా అంత చవగ్గా కొన్నవాళ్లు లేరు. పదిహేనేళ్ల వయసులో, పావుగంటలో, ఒక ఈతకొలను నెల రుసుమును అడిగినదాంట్లో మూడో వంతుకు దించాను. పక్కనే నిలబడి నాయన చూస్తూ ఉన్నాడు. ఆయన మ్యాచింగ్ సెంటర్ పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సులు, గుండీలు అమ్మే మనిషి. ఐదు రూపాయల దగ్గర పట్టు పడితే మధ్యాహ్నం దాకా దిగడు. అలాంటి మనిషి తిరిగొస్తూ స్కూటరు మీద, "నేను కూడా అంత దించలేనమ్మా" అన్నాడు. నా ఈత బతుకు మొత్తంలో నాకు దక్కిన పెద్ద బిరుదు అదే. ఆ బతుకును ముంచింది కూడా ఆ బేరమే.

మదనపల్లెలోనే, ఒక ప్రైవేటు బడిలో, సరైన కొలను ఉండేది. ఈత వచ్చిన కోచ్ ఉండేవాడు. కొలనుకు ఈత వచ్చిన కోచ్ ఉండటంలో విశేషమేమిటని మీరు అనుకోవచ్చు. నా కోచ్‌కు ఈత రాదు. ఆయన మా స్కూల్లో రిటైరైన డ్రిల్లు సారు. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో విజిల్, తడి అంటే భయం. డబ్బు తీసుకోనన్నాడు కాబట్టి నాకు ఆయన అన్నివిధాలా నచ్చాడు.

ఈత నేర్చుకున్నది నిమ్మనపల్లె దగ్గర మా అవ్వవాళ్ల సేద్యపు బావిలో. వీపుకు ఖాళీ నూనె క్యాను కట్టి మామ తోసేశాడు. బావిలో ఈదడమంటే గుండ్రంగా తిరగడం. ఎక్కడ ఆపాలో తెలియక గంటసేపు తిరిగేదాన్ని. వేగం లేదు, అలుపూ లేదు. తొమ్మిదో తరగతిలో డ్రిల్లు సారు జిల్లా పోటీలకు పేర్లు రాస్తుంటే జాబితా తీసుకుని చూశాను. యాభై మీటర్లకు పందొమ్మిది మంది ఉన్నారు. ఎనిమిది వందల మీటర్లకు ఇద్దరే. నేను చేరితే ముగ్గురం. పతకాలు మూడు. ఇంత మంచి సరుకును ఎవరూ అడక్కుండా వదిలేశారేమిటా అని ఆశ్చర్యపోతూ నా పేరు రాయించాను. మూడో స్థానం వచ్చింది. మొదటి ఇద్దరూ తువ్వాళ్లు కప్పుకుని, జడలు వేసుకుని, నేను ముగించడం చూడటానికి గట్టు మీద కూర్చున్నారు.

నాయన ఆ పతకాన్ని కొట్లో గల్లాపెట్టె పైన మేకుకు తగిలించాడు. బ్లౌజు పీసులకొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. ఎంతమందిలో మూడోదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అమ్మ మాత్రం పదో తరగతి ఫలితాలు రాగానే తన మాట చెప్పేసింది.

"తిరుపతిలో హాస్టలుండాది. ఆడ చేర్చేది. ఈ తడి జుట్టుతో దీన్ని ఎన్నాళ్లు తిప్పతావు?"

"ఒక సంవత్సరం" అన్నాడు నాయన. "వచ్చే మే నెలలో కుప్పంలో రాష్ట్రం జట్టుకు సెలెక్షన్లంట. పదకొండున్నర నిమిషాల్లో ఎనిమిది వందలు ఈదితే తీసుకుంటారంట."

"ఈదలేకపోతే?"

"ఈదలేకపోతే హాస్టలే."

"మళ్లా నీళ్ల మాట ఎత్తరు గదా, తండ్రీ కూతుర్లు?"

"ఎత్తం."

అమ్మ నావైపు చూసింది. నేనూ తలూపాను. కాబట్టి సంగతి తేటగా ఉంది. కుప్పంలో పదకొండున్నర. వస్తే నీళ్లు, రాకపోతే ఆ రోజుతో సరి.

ప్రైవేటు బడి వాళ్లు చెప్పిన రుసుము విని నాయన ముఖం ముడుచుకుంది. అప్పుడు నేనే కనుక్కున్నాను, పుంగనూరు ఊరి బయట మామిడి తోట మధ్యలో ఫంక్షన్ హాలు ఒకటుందని, బెంగుళూరు నుంచి వచ్చే పెళ్లివాళ్ల కోసం అందులో ఈతకొలను కట్టారని. ఓనరు తెల్లచొక్కా మనిషి, మామిడి మండీ కూడా ఉంది.

"పెండ్లికాప్పా?" అన్నాడు నాయనను చూసి.

"కాదప్పా. పాప ఈతకు."

"ఇది ఆడుకునేదానికి కట్టించినాం. కాంపిటీషన్లకు కాదు."

"పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా ఖాళీగానే ఉంటాది గదా సార్" అన్నాను నేను.

"ఖాళీగా ఉంటే నీళ్లు ఊరికే వస్తాయామ్మా? మోటరు, క్లోరిను, కరెంటు బిల్లు..."

"మేము రాకపోయినా మోటరు తిప్పల్ల గదా. కదలకుంటే నీళ్లు పాసి పడతాయి. నేను రోజూ కలబెడతాను. లెక్క ప్రకారం మీరే నాకు కూలీ ఇయ్యల్ల."

ఆయన నాయన వైపు తిరిగాడు. "మీకు కొట్టుండాదా అప్పా?"

"మ్యాచింగ్ సెంటరు."

"అదీ సంగతి."

తర్వాతది మామూలు బేరం. నేను రెండుసార్లు లేచి గేటు దాకా నడిచాను. ఆయన రెండుసార్లు పిలిచాడు. చివర్లో, పెద్ద విషయం తెలిసినదానిలా, "పొడవెంత?" అని అడిగాను.

"ఇరవై ఐదు."

"సరే" అన్నాను.

ఇరవై ఐదు ఏమిటి అని అడగలేదు. నా ధ్యాసంతా ఇంకో వంద ఎలా దించాలా అన్న దానిమీద ఉంది. గుడ్డ తాను విప్పి పరిచి చూడనిదే ధర మాట్లాడకూడదని నాకు ఆరేళ్లప్పుడే నేర్పారు. ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్కను మీటరని అంటగట్టే వాళ్లను దూరం నుంచే పసిగట్టగలను. అలాంటిది, నిండా నీళ్లున్న సరుకును చూసి, అందులో ఆకాశం కనబడుతుంటే మురిసిపోయి, తీసుకున్నాను.

జూన్ నుంచి మొదలుపెట్టాం. తెల్లవారకముందే స్కూటరు మీద బయలుదేరేవాళ్లం. నాయనకు మంకీ క్యాపు, మఫ్లరు. ఎండాకాలంలో కూడా ఆయనకు చలే. డ్రిల్లు సారుది పుంగనూరే కాబట్టి ఆయన నడిచి వచ్చేవాడు. ఈత డ్రెస్సు బజారులో ఖరీదని నేనే అడ్డుపడితే, నాయన హోల్‌సేల్ నుంచి సాగే గుడ్డ తెచ్చి మా టైలరు చేత కుట్టించాడు. అది నీళ్లు తాగేది. మూడు రౌండ్లయ్యేసరికి నాతోపాటు ఇంకో మనిషిని మోస్తున్నట్టుండేది.

ఎనిమిది వందల మీటర్లంటే ఇరవై ఐదు మీటర్ల కొలనులో ముప్పై రెండు ల్యాపులు. వాచీ సారుది, లెక్క నాయనది. ఆయన ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో ముప్పై రెండు గుండీలు తెచ్చేవాడు, షర్టులకు వేసే తెల్లవి. కొలను పక్కన మధ్యలో కుర్చీ వేసుకుని, నేను ఒక్కో గోడ తాకినప్పుడల్లా ఒక గుండీ కవరులోంచి తీసి జేబులో వేసుకునేవాడు. కవరు ఖాళీ కాగానే, "అయిపాయ, రా" అని కేకేసేవాడు. నోటి లెక్కలో మనిషి పొరపడతాడు, గుండీలు పొరపడవు అనేవాడు.

కొట్లో క్యాలెండరు మీద ఏ రోజుకారోజు గడిలో నా టైము రాసేవాడు. జూన్‌లో పన్నెండు నిమిషాలు దాటింది. ఆగస్టులో పదకొండూ నలభై. వినాయక చవితి ముందువారం పదకొండూ ఇరవై నాలుగు. గడువు ఇంకా ఎనిమిది నెలలుండగానే కుప్పం టైము వచ్చేసింది. పక్క స్టీలు కొట్టాయన గుమ్మంలో నిలబడి, "ఏమప్పా, మీ పాప ఈదుకుంటా శ్రీలంకకు పోయేదెప్పుడు? నాలుగు సామాన్లు చెప్పి తెప్పించుకోవాల" అనేవాడు. నాయన నవ్వి, "మొదట కుప్పం పోనీప్పా" అనేవాడు. కానీ ఆ మాట ఆయనకు ఇష్టంగా ఉండేది.

చవితికి రెండు రోజుల ముందు మేము వెళ్లేసరికి కొలనులో నీళ్లు లేవు. టైల్సు ఊడాయని నీళ్లు తీసేశారు. నాయన, సారు టీ కోసం రోడ్డు మీదికి వెళ్లారు. నేను గట్టు మీద కూర్చున్నాను. అడుగున మేస్త్రి నిలబడి ఓనరుతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఒక పక్క గోడ డెబ్బై ఐదు అడుగులు సార్. రెండు పక్కలూ కలిపి ఎన్ని పెట్టెలు పడతాయో లెక్కేసి సెప్తా."

డెబ్బై ఐదు అడుగులు. మా బట్టల కొట్ల వీధిలో పుట్టిన ఎవరికైనా దానికి కాగితం అక్కర్లేదు. మూడడుగులు ఒక గజం. ఇరవై ఐదు గజాలు. గజానికి, మీటరుకు మూడంగుళాల పైచిలుకు తేడా. మీటరని చెప్పి గజం కొలిచే వాళ్ల గురించి నాయన కథలు కథలుగా చెప్పేవాడు. ఓనరు అబద్ధం చెప్పలేదు. ఇరవై ఐదన్నాడు, ఇరవై ఐదే ఉంది. నేల మీద పుల్లతో గీసి చూశాను. ఎనిమిది వందల మీటర్లు కావాలంటే ఆ గోడల మధ్య ముప్పై ఐదు సార్లు ఈదాలి. నేను ముప్పై రెండు ఈది, మూడు ల్యాపులు తక్కువగా, ఎనిమిది వందలని చెప్పి అమ్ముతున్నాను.

నాయన టీ తాగి వచ్చాడు. నేను చెప్పలేదు. ఇంట్లో చెబుదామనుకున్నాను. ఇంటికెళ్లాక కొట్లో చెబుదామనుకున్నాను. కొట్లో క్యాలెండరు ఉంది.

చెప్పకుండానే సరిచేయొచ్చని నాకు తోచింది. వ్యాపారస్తుల బుర్ర అలాగే పనిచేస్తుంది. నీళ్లు మళ్లీ నింపిన రోజున, నాయన స్కూటరు స్టాండు వేస్తుంటే, కవరులో గుండీలు కలిపాను. మూడు వేస్తే అవతలి గట్టున ముగుస్తుంది, రోజూ ఇవతలే ముగిస్తాను కాబట్టి పట్టేస్తాడు. అందుకని నాలుగు వేశాను, ఒకటి కొసరు. మూడు నెలలు అదే పని చేసి చేసి గుండీలను ఆయన మళ్లీ లెక్కపెట్టడని నాకు తెలుసు.

ఆ రోజు పన్నెండూ యాభై రెండు.

సారు వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "పండగ బూరెలు ఎన్ని తిన్యావు పాపా?"

"ఒంట్లో బాగలేదా?" అన్నాడు నాయన. "సెప్పు. యాడ నొప్పి?"

"ఏం లేదు నాయినా."

"ఏం లేకుంటే నిమిషమున్నర యాడికి పోతాది?"

మర్నాడు కూడా అంతే. మూడో రోజు పుంగనూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తం తక్కువుందని ఒక టానిక్ సీసా, ఖర్జూరాలు. నాయన కొట్లో టిఫిను తినడం మానేశాడు. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి తిరగకుండా అన్నాడు, "మీ అమ్మకు సెప్పొద్దులే. ఇంకా నాలుగు దినాలు సూద్దాం." కొట్లోకి వెళ్లి చూస్తే క్యాలెండరులో మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. ఆయన చేతికి ఆ అంకె రాయడం రాలేదు.

నాలుగో రోజు పొద్దున, ఆయన స్టాండు వేస్తుంటే, నాలుగు గుండీలు తీసేశాను.

పదకొండూ ఇరవై ఒకటి. "రక్తమే" అన్నాడు నాయన, సారు చెయ్యి పట్టుకుని. "రక్తం తక్కువుండె, అంతే." ఆ సాయంత్రం బజారులో నాలుగు కొట్లకు మైసూర్‌పాకు పంచాడు. నేను కూడా రెండు ముక్కలు తిన్నాను. బాగుంది.

అప్పటినుంచి కుప్పం దాకా ఎనిమిది నెలలు. ఏ రోజైనా నోరు తెరిచి ఉండొచ్చు. ఆయన "అయిపాయ, రా" అన్నాక, ఇంకో మూడు ఈదుతానని ఊరికే అడిగినా సరిపోయేది, కారణం కూడా చెప్పనక్కర్లేదు. అడగలేదు. ఈదితే ఆ అలుపు నాకు నిజం చెబుతుంది, వినాలనిపించలేదు. ఏప్రిల్‌లో పదకొండు కంటే రెండు సెకన్లు తగ్గింది. నాయన ఆ గడి చుట్టూ ఎర్రసిరాతో గీత గీశాడు. నీళ్లలో ఉన్నంతసేపూ నాకు కూడా ఆ అంకె నిజమే అనిపించేది. గట్టెక్కి తువ్వాలు అందుకునేటప్పుడు మాత్రం నాయన ముఖం చూడకుండా జుట్టు తుడుచుకునేదాన్ని.

మే నెలలో కుప్పం వెళ్లాం. సారుకు మనవరాలి పెళ్లి, రాలేదు. కొలను ఒక కాలేజీలో ఉంది, యాభై మీటర్లది. దాని గట్టున నిలబడి చూస్తే అవతలి గోడ ఎవరో కావాలని దూరంగా పెట్టినట్టుంది. పదహారు ల్యాపులే కాబట్టి నాయన కవరులో పదహారు గుండీలే ఉన్నాయి. పోటీలో ఐదుగురం. విజిలుకు ముందు ఆయన నా భుజం తట్టి, "పదకొండు నీకు ఎట్లాగూ వస్తాది. తొందరపడొద్దు" అన్నాడు.

నాలుగు వందల దాకా పరవాలేదు. ఆ తర్వాత, నా చేతులు గోడ కోసం వెతకడం మొదలుపెట్టాయి. పుంగనూరు గోడ రావలసిన చోట గోడ లేదు. ప్రతి ల్యాపులోనూ సగంలో నా భుజాలు ఇక తిరుగుతామన్నాయి, తిరగడానికి ఏమీ లేదు. పక్క లేన్‌లో ఒక పిల్ల నన్ను దాటి, చివర్లో రెండోసారి దాటింది. ఆమె కాళ్ల నురగలోంచి ఈదాను. గోడ తాకి తలెత్తేసరికి ముగ్గురు అప్పటికే బయట ఉన్నారు.

పన్నెండూ నలభై ఒకటి. నాలుగో స్థానం.

నాయన టైములు రాసే బల్ల దగ్గరికి వెళ్లాడు. నేను తువ్వాలు కప్పుకుని రెండడుగుల వెనక నిలబడ్డాను.

"సార్, మీ వాచీ సరిగ్గా ఉండాదా?"

"మూడు వాచీలప్పా. మూడూ ఒకటే చెప్పినాయి."

"కొలను కొలిచినారా? రవంత ఎక్కువుండాదేమో."

రాసుకుంటున్న ఆయన పెన్ను ఆపి తలెత్తాడు. కోపగించుకోలేదు. "యాభై మీటర్లప్పా. సెంటీమీటరు తేడా లేదు. ఎక్కువుంటే అందరికీ ఎక్కువే గదా?"

"అది కాదు సార్. మా పాప రోజూ పదకొండు లోపల ఈదతాది. నేను నా చేత్తో లెక్కపెట్టినాను." జేబులోంచి గుండీలు తీసి బల్ల మీద పెట్టబోయాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను.

పలమనేరు బస్టాండులో బస్సు మారాలి. బెంచీ మీద కూర్చున్నాం. నాయన శనక్కాయలు కొని ఒలిచి, పప్పు నాకు పెడుతున్నాడు. "పెద్ద కొలను అలవాటు లేదు, అంతే" అన్నాడు. "మీ అమ్మతో నేను మాట్లాడతా. ఇంకొక్క సంవత్సరం అడగతా." అమ్మకిచ్చిన మాట తప్పడానికి కూడా సిద్ధపడ్డాడు. అది విన్నాక ఇంక ఆగలేకపోయాను.

"ఆ పుంగనూరుది ఇరవై ఐదు గజాలు నాయినా. మీటర్లు కాదు. డెబ్బై ఐదు అడుగులు."

ఒలవడం ఆగింది. ఆయన పెదాలు కదిలాయి. నాకు పట్టినంత సేపు కూడా పట్టలేదు ఆయనకు.

"ముప్పై ఐదుకు మూడు తక్కువ."

"మూడే."

"ఎవరు సెప్పిరి?"

"మేస్త్రి. టైల్సు ఏసినప్పుడు."

"అంటే చవితప్పుడు." చేతిలోని కాయను మళ్లీ పొట్లంలో వేశాడు. "ఆ మూడు దినాలు రక్తం తక్కువన్నారే."

"నేనే కవర్లో నాలుగు గుండీలు ఎక్కువ ఏసినా. మళ్లా తీసేసినా."

ఒక బస్సు వచ్చి చిత్తూరు, చిత్తూరు అని అరిచి వెళ్లిపోయింది. నాయన ఒళ్లోని పొట్టు దులుపుకున్నాడు.

"కొనేటప్పుడు మోసపోయినావు. దాన్నేమీ అనను, ఎవరికైనా అవుతాది" అన్నాడు. గొంతు పెంచలేదు. "తెలిసినాక నాకు అమ్మినావే. ఎనిమిది నెలలు."

మదనపల్లె బస్సు వచ్చింది. ఆయన ముందు ఎక్కి, నాకు కిటికీ పక్క సీటు పట్టాడు, ఎప్పటిలాగే. పుంగనూరు దాటేటప్పుడు ఇద్దరం రెండో వైపు చూశాం. పుంగనూరు వెళ్లి గోడ కొలిచి చూస్తాడనుకున్నాను. కొలవలేదు. నేను చెప్పిన కొలతను ఆయన మారుమాట లేకుండా తీసుకోవడం అదే చివరిసారి.

అమ్మ నా జుట్టుకు నూనె పెట్టి, చిక్కులు తీసి, హాస్టలుకు పెట్టె సర్దింది. నేను మళ్లీ కొలనులో దిగలేదు. బావిలో కూడా దిగలేదు. డిగ్రీ అయ్యాక కొట్లోనే కూర్చున్నాను. బేరాలన్నీ ఇప్పుడు నావే, కొనడానికొచ్చిన వాళ్లు నన్ను చూస్తే జాగ్రత్త పడతారు. ఐతే నేను గుడ్డ కొలిచి కత్తెర పెట్టబోతే నాయన వచ్చి ఆ ముక్కను మళ్లీ ఒకసారి కొలుస్తాడు. కొనేవాళ్ల ముందే. కోపంతో కాదు, ఆయన చెయ్యి అలా అలవాటు పడింది. సరిగ్గానే ఉంటుంది ఎప్పుడూ. "సరే" అని నాకిస్తాడు. మర్నాడు మళ్లీ కొలుస్తాడు.

ఇక బిల్లు. బేరంలో మిగిలిన మొత్తంతో ఆ సంవత్సరం కొట్టుకు గాజు తలుపు పెట్టించాం. దుమ్ము రాదు, ఇంకా బాగుంది; అది లాభం కింద రాస్తాను. పదకొండు నెలల తెల్లవారుజాములు ఖర్చు. వాటిలో ఈదిన నావి సగం, కదలకుండా చలిలో కూర్చున్న నాయనవి సగం. ఆయన మోకాళ్ల నొప్పిని స్కూటరు కింద వేద్దామనుకున్నాను గానీ, ఆ వయసుకు ఎలాగూ వచ్చేదే, కొట్టేస్తున్నాను. ఓటమిని చాలాకాలం ఫంక్షన్ హాలు ఓనరు పేరున రాసుకున్నాను. అదీ తప్పే. ఆయన ఉన్నదే చెప్పాడు. మదనపల్లెలో ఖరీదైన కొలనుకు వెళ్లి ఉంటే గెలిచేదాన్నా? కుప్పంలో మొదట వచ్చిన పిల్ల నాకంటే రెండు నిమిషాలు ముందు ముగించింది. నేను ఎక్కడ ఈదినా, ఎంత ఈదినా, పన్నెండు దగ్గర ఆగిపోయేదాన్ని. కాబట్టి ఓటమి కూడా ఖర్చు కాదు, అది ముందు నుంచీ ఉన్నదే. అన్నీ తీసేస్తే మిగిలేది ఆ ఎనిమిది నెలలు. అవి పూర్తిగా నా పేరునే. వాటికి బదులుగా వచ్చింది, రోజూ పొద్దున ఏడింటికి నాయన ముఖంలో ఒక సంతోషం. దాన్ని కూడా జమ వేద్దామని చాలాసార్లు చూశాను. పలమనేరు బస్టాండులో ఆయన దాన్ని తిరిగిచ్చేశాడు కాబట్టి వేయడానికి వీల్లేదు. కూడితే, ఒక గాజు తలుపు మిగిలింది. నా మాట మీద నమ్మి తీసుకునే మనిషి ఒకరు తగ్గారు.